ఒక రోజు వెనకున్న పెట్టె

లూపే పుట్టిన ఏడు, గురువారం రాత్రి పడుకున్న ఊరు శనివారం పొద్దున లేచింది. మధ్యలో రావలసిన శుక్రవారం, డిసెంబరు ముప్పయ్యో తేదీ, రాలేదు. ప్రభుత్వం వాళ్ళు సముద్రంలో రోజుల గీతను ఇటు నుంచి అటు జరిపారు. చర్చిలో గంటలు కొట్టారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు, అంతే, ఒక రోజు పోయింది. సమోవాలోని ఉపోలు దీవి మొత్తం మీద ఆ రోజును చూసినవాళ్ళెవరూ లేరు.

ఆ శనివారం పొద్దున్నే లూపే పుట్టింది.

పుట్టినప్పుడు చాప పక్కన, బిస్కెట్ల డబ్బా మీద, ఒక ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి ఉంది. అది లూపే తల్లి లోసాకి వాళ్ళక్క పక్క దీవిలోని పాగో పాగో నుంచి పంపిన పెట్టె. అక్కడి ప్రభుత్వం వేరు, గీత జరగలేదు. విమానంలో అరగంట దూరమే, అయినా అక్కావాళ్ళు అప్పటినుంచీ మనకంటే ఒక రోజు వెనకే ఉంటారు. లూపే పుట్టినరోజుకి మనం కేకు తిని, గిన్నెలు కడుక్కుని, ఆ సంగతి మరిచిపోయే వేళకి మర్నాడు అక్క ఫోన్ చేసి పాట పాడుతుంది. పెట్టెలో గడియారం కూడా అక్క పెట్టినట్టే ఉండిపోయింది. మార్చడం తెలిసినవాళ్ళు ఇంట్లో లేరు. మారుస్తానని లోసా మొగుడు ఫెరేతి అప్పుడప్పుడు అనేవాడు, అనడంతోనే సరిపోయేది.

ఆ పెట్టెకున్న కంటితోనే ఫెరేతి ఆ పొద్దున ఏడు నిమిషాల వీడియో తీశాడు. అందులో లోసా అమ్మ ఉంటుంది. తడి చేతులతో బిడ్డను ఎత్తుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, పేరు మూడుసార్లు పిలుస్తుంది. తర్వాత తలెత్తి, "ఇదేంటయ్యా, ఇది నన్ను చూస్తోందా?" అని అల్లుణ్ణి కసురుతుంది. మరుసటి ఏడు అమ్మ పోయింది. రెండిళ్ళ అవతల, తన ఇంటి ముందే పడుకుంది. లూపే పొద్దస్తమానం ఆ తెల్ల సమాధి మీదే గవ్వలు పేర్చి ఆడుకుంటుంది. అమ్మ గొంతు మాత్రం ఆ ఏడు నిమిషాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక రోజూ లూపే దాన్ని చూడందే పడుకోదు. తెర మీద బొమ్మ నొక్కితే వచ్చేస్తుంది, అది ఏ ఫోల్డరులో ఉందో ఎవరూ వెతకలేదు.

పెట్టె అమ్ముదామన్నది ఫెరేతి. "మూత విరిగింది, మీటలు రెండు ఊడాయి, అయినా నడుస్తోంది. నడుస్తుండగానే అమ్మేయాలి," అన్నాడు. కొనేది పక్క ఊరి ఎమెలీన్, టీచరు చదువుకి రాజధాని ఆపియా వెళ్తోంది. ఆ డబ్బుతో లోసాకి కుట్టుమిషను వస్తుంది. చదువు మధ్యలోనే ఆగిపోయిన లోసాకి చేతికొచ్చిన పని కుట్టు ఒక్కటే. అక్టోబరులో చర్చిలో జరిగే పిల్లల ఆదివారం పండక్కి ఊళ్ళో ప్రతి పిల్లకీ కొత్త తెల్ల గౌను కావాలి.

అయితే అమ్మేముందు పెట్టెను ఖాళీ చెయ్యాలట. ఆపియాలో కంప్యూటర్లు బాగుచేసే ఉయెలెసె, ఫెరేతికి తమ్ముడి వరస, ఫోన్లో అంతా చెప్పాడు.

"కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లా అయిపోతుంది వదినా. మీరెవరో కూడా దానికి గుర్తుండదు. కావలసినవి ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకో. తర్వాత ఏడ్చినా రావు."

"భయపెట్టకు."

"నేను భయపెట్టాలా? నువ్వు భయపడకుండా ఉన్న రోజు ఒకటి చెప్పు, సెలవు పెట్టి వచ్చి చూస్తాను."

అదీ నిజమే. లూపే తుమ్మితే లోసాకి గుండె జారుతుంది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. సముద్రం కొంచెం గట్టిగా మోగినా లేచి కూర్చుంటుంది. ఆ పెట్టె ఉన్నంతకాలం మాత్రం ఒక్క సంగతిలో ఆమెకు నిబ్బరంగా ఉండేది. అందులో ఎప్పుడూ నిన్నటి రోజే కదా. అమ్మ మరీ దూరం పోలేదని, ఒక్క రోజు వెనక ఎక్కడో ఉందని అనిపించేది.

మంగళవారం మధ్యాహ్నం పని మొదలుపెట్టింది. ఆకాశం బూడిదరంగులో కిందికి వంగి ఉంది. అత్త ఫువాతినో గుంజకి ఆనుకుని మొగలి ఆకు చాప అల్లుతోంది.

"ఒసేయ్ లోసా, నువ్వు దాని మొహం చూస్తూ కూర్చుంటే చేమదుంపలు వాటంతటవే ఉడుకుతాయా?"

"ఉడుకుతున్నాయత్తయ్యా, పొయ్యి మీదే ఉన్నాయి."

"పొయ్యి మీదుంటే సరా? మంట ఉండాలి కదే తల్లీ."

లోసా వెళ్ళి మంట ఎగదోసి వచ్చింది. పెన్‌డ్రైవ్ చిన్నది, అన్నీ పట్టవు. ఫోటోలూ వీడియోలూ తేదీల పేర్లతో ఫోల్డర్లుగా వరసగా ఉన్నాయి. వెనక్కి వెనక్కి వెళ్ళి లూపే పుట్టిన డిసెంబరు దగ్గర ఆగింది. చివర్లో రెండు ఫోల్డర్లు. ఒకటి ముప్పై, ఒకటి ముప్పై ఒకటి.

ముప్పై చూసి లోసాకి నవ్వొచ్చింది. లేని రోజుకి ఫోల్డరేమిటి, పిచ్చి పెట్టె! ఆ రోజు ఈ దీవి మీద ఎవరూ అన్నం తినలేదు, ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు. అందులో ఏముంటుంది, గాలి తప్ప? లూపే పుట్టింది ముప్పై ఒకటిన. పుట్టిన తేదీ కాగితం మీదా అదే, చర్చి పుస్తకంలోనూ అదే.

ముప్పై ఒకటి తెరిచింది. మొదటి ఫోటోలో లూపే, తెల్ల గుడ్డలో, ముడిచిన గుప్పిళ్ళతో. లోసా కడుపు నిండిపోయింది. కింద ఇంకా ఏమున్నాయో చూడబోయేంతలో లోపల పడుకున్న పిల్ల దగ్గింది. ఒకసారి కాదు, మూడుసార్లు. లోసా ఆ ఫోల్డరును గబగబా పెన్‌డ్రైవ్‌లోకి పంపి పరిగెత్తింది. పిల్ల వీపు నిమిరి, నుదురు తాకి చూసి, మళ్ళీ వచ్చేసరికి అది ఎక్కేసింది. ఉయెలెసె చెప్పినట్టు పెట్టె ఆర్పి, పైవరస మీట ఒకటి నొక్కిపట్టి వెలిగించింది. ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది పెట్టె. సరే అంది లోసా.

వాన మొదలైంది. గోడల్లేని ఇంటి చుట్టూ కొబ్బరాకు చాపల తెరలు దించితే ఇల్లంతా ఆకుపచ్చ నీడ అయింది. పెట్టె తెర మీద చిన్న చిన్న చుక్కలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతున్నాయి. కింద అంకె. నాలుగు. చాలాసేపటికి ఐదు. లోసా గుంజకి తల ఆనించింది. వాన చప్పుడు ఉండుండి ఎవరో ఇల్లు ఊడుస్తున్నట్టు వినిపించింది.

నిజంగానే ఊడుస్తున్నారు. ఈనెల చీపురుతో, ఒక పొడుగాటి ఇంటిని, ఈ కొస నుంచి ఆ కొస దాకా. లోసా చీపురు వెంట నడుస్తోంది. దుమ్ము లేస్తోంటే అందులో ముఖాలు, గిన్నెలు, ఎప్పటివో పుట్టినరోజు కేకులు, అక్క నోరు తెరిచి పాడుతున్న పాట, ఒక్కొక్కటే తేలి గుమ్మం దాటి సముద్రం మీదికి పోతున్నాయి. ఏదీ అరవడం లేదు, ఏదీ వెనక్కి చూడటం లేదు. చివరి మూల అమ్మ కూర్చుని ఉంది. చీపురు దగ్గరికి వస్తే కాళ్ళు రెండూ పైకెత్తింది, ఊడ్చేవాళ్ళకి అడ్డం రాకుండా.

"లే అమ్మా, అంతా తీసేస్తున్నారు," అంది లోసా.

"నాకేం తొందర? ఇక్కడ ఇంకా శుక్రవారమేగా," అంది అమ్మ. నోరు కదిలింది గానీ గొంతు వినపడలేదు. మాట మాత్రం తెలిసింది.

"అక్కా! లోసక్కా!"

కళ్ళు తెరిచేసరికి ఎమెలీన్ మెట్ల మీద నిలబడి ఉంది, అరటాకు గొడుగు కింద తడిసి ముద్దయి. పెట్టె తెర మీద చుక్కలు లేవు. నీలంగా, ఖాళీగా, నిద్రలేచిన పసిపిల్ల మొహంలా ఉంది.

"అయిపోయినట్టుంది. ఏదో అడుగుతోంది చూడు. నీదేగా ఇక, నువ్వే చెప్పు," అంది లోసా.

ఎమెలీన్ చేతులు తుడుచుకుని కూర్చుంది. పేరడిగితే తన పేరు కొట్టింది. ఏ దేశమని అడిగితే సమోవా అంది. తేదీ చూసి ముక్కు చిట్లించింది.

"ఇదేంటక్కా, సోమవారం అంటోంది? ఇవాళ మంగళవారం కదా."

"దానికంతే." లోసా నవ్వింది. "పాత లెక్క. మొదట్నుంచీ ఒక రోజు వెనకే. గీత జరిపిన రోజు మనమంతా శనివారంలోకి దూకామా, ఇది దూకలేదు. మనకి ముప్పై ఒకటి అయితే దీనికి ముప్పై..."

పొయ్యి మీద నీళ్ళు పొంగి మంటలో పడి సుయ్యిమన్నాయి. ఎవరూ లేవలేదు.

లోసా పెన్‌డ్రైవ్ తీసి పెట్టింది. ముప్పై ఒకటి తెరుచుకుంది. తెల్ల గుడ్డలో లూపే. తర్వాత లూపేని ఎత్తుకున్న అత్త. కాల్చిన పంది, సీమపనస ముక్కలు, చర్చి నుంచి వచ్చిన చుట్టాలు, తెల్ల బట్టలు. అది మర్నాటి ఆదివారం భోజనం. ఒక ఫోటో అంచున ఎవరిదో చెయ్యి కోకో వంపుతోంది. అమ్మ చెయ్యే కావచ్చు. వీడియో లేదు. అది ముప్పైలోనే ఉండిపోయింది.

ఉయెలెసెకి ఫోన్ చేస్తే, "ఏ ఫోల్డరు వేశావ్?" అన్నాడు. చెప్పింది.

"పాతదాని మీద కొత్తది రాసేసుకుంది వదినా. నా చేతిలో లేదు. ఎవరి చేతిలోనూ లేదు."

"అక్కకి పంపాం కదా, అప్పుడు?"

"అది సగంలోనే ఆగిపోయిందని ఆవిడ నన్నే తిట్టింది, గుర్తులేదూ?"

గుర్తుంది. లోసా ఫోను కింద పెట్టింది. ఏడుపు రాలేదు. కడిగి బోర్లించిన గిన్నెలా అయిపోయింది లోపల.

"నాకొద్దక్కా, మీ దగ్గరే ఉంచుకోండి," అంది ఎమెలీన్, తనే ఏదో పాపం చేసినట్టు.

"ఉంచుకుని ఏం చేసుకోను? దానికి మేమెవరో కూడా తెలీదు. నువ్వు చదువుకో." లోసా తను నడుముకి చుట్టుకునే లావాలావా గుడ్డ ఒకటి తెచ్చి, తడవకుండా రెండు మడతలు చుట్టి ఇచ్చింది. ఆ పిల్ల వానలోనే వెళ్ళిపోయింది.

ఫెరేతి తోట నుంచి వచ్చాక విన్నాడు. కొబ్బరి బుట్ట దించడం మరిచి నిలబడ్డాడు. "ఆ గడియారం నేను మార్చవలసింది," అన్నాడు.

"నాలుగేళ్ళ నుంచి మారుస్తూనే ఉన్నావుగా," అంది లోసా.

సంజవేళ, ప్రార్థన సమయమైందని ఊళ్ళో శంఖం ఊదారు. దారి మీద నడకలు ఆగిపోయాయి. నలుగురూ చాప మీద కూర్చుని పాట పాడారు, ఫెరేతి ప్రార్థన చెప్పాడు. లోసా పెదవులు కదిపింది అంతే. ఆమె భయమంతా ఆమెన్ తర్వాత రాబోయే మాట గురించే. అది రానే వచ్చింది.

"అమ్మా, అమ్మమ్మని పెట్టు."

"పెట్టె లేదే తల్లీ. ఎమెలీన్ తీసుకెళ్ళింది."

"అమ్మమ్మని కూడానా?"

లోసా పిల్లను దగ్గరికి లాక్కుంది. ఏ మాట మొదలుపెట్టినా చివరికి అమ్మ గొంతు దగ్గరికే వెళ్తుంది, అక్కడ ఏమీ లేదు. మధ్యాహ్నం నుంచి లోలోపల అమ్మ చేత ఒక్క మాట అనిపించాలని చూస్తోంది. అన్నీ తన గొంతుతోనే వస్తున్నాయి.

ఫువాతినో చాప పక్కకి నెట్టింది. మోకాళ్ళు పట్టుకుని లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, గడ్డం పైకెత్తింది.

"ఇదేంటయ్యా, ఇది నన్ను చూస్తోందా?"

అమ్మే. ఆ బొంగురు, మాట చివర ఆ చిన్న పగులు, మధ్యలో ముక్కు ఎగబీల్చడం, అన్నీ అవే. లూపే కళ్ళు ఇంతలేసి చేసుకుని, నానమ్మ వెనక ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూసింది.

"అత్తయ్యా... మీకిది ఎట్లా వచ్చు?"

ఫువాతినో ఒక్క క్షణం తప్పు దొరికినదానిలా చూసింది.

"ఎట్లా ఏముందే. చాపలల్లే చావట్లో ఆడవాళ్ళని పదేళ్ళు నవ్వించాను, మీ అమ్మని చేసి చూపించి. ఆవిడ లేనప్పుడే లే. ఆవిడేం తక్కువ తిన్నదా? నేను గురక పెట్టడం చేసి చూపించేదట, బల్ల మీద పడుకుని మరీ."

"మా అమ్మ మీద పదేళ్ళు నవ్వారా?"

"పన్నెండు, లెక్క సరిగ్గా కడితే."

ఫెరేతి నేల చూపులు చూస్తున్నాడు, ఇప్పుడేం గొడవ అవుతుందోనని. లోసాకి కోపం రావలసిన చోటే అది. వచ్చింది కూడా, కొంచెం. చెంపలు తడిశాయని ఆమెకి అప్పుడే తెలిసింది. బయట వాన సన్నబడి సముద్రం వినిపిస్తోంది. తెరల సందుల్లోంచి ఆకుపచ్చ వెలుతురు కరుగుతోంది. లూపే వెళ్ళి నానమ్మ కాళ్ళు చుట్టుకుంది.

"నా పేరు పిలువు. అమ్మమ్మలా పిలువు."

ఫువాతినో వంగి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, మూడుసార్లు పిలిచింది. లోసా కళ్ళు మూసుకుని వింది. మూడోది కొంచెం తప్పింది. ఆ తప్పింది ఎక్కడో లోసాకే తెలుసు.

"కాదత్తయ్యా, మూడోసారి అంత సాగదీయదు. మెల్లిగా అంటుంది."

"నువ్వు నాకు నేర్పుతావే?" అంది ఫువాతినో, అయినా మళ్ళీ పిలిచింది, ఈసారి మెల్లిగా. తర్వాత పిల్లను ఒళ్ళో వేసుకుని చాప మీద కూలబడింది.

లోసా ఆమె మోకాలి పక్కకి జరిగింది. "ఇంకా ఏమేం అనేది మా అమ్మ?"

"చాలా అనేది. మంచివి చెప్పనా, తిట్లు చెప్పనా?"

"తిట్లు," అంది లోసా.