వంటింటికి వచ్చిన పైపు

ఆలేరు స్టేషనుకు అవతల, రైలు కట్ట పక్కన ఒక హాస్టలు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గొర్రెలు కాసే కురుమల పిల్లలు, బట్టలు నేసే సాలోళ్ల పిల్లలు అక్కడ ఉండి చదువుకునేవారు. వాళ్లకు వండిపెట్టేది వెంకటనర్సమ్మ. భర్త మగ్గం మీదే దగ్గి దగ్గి చనిపోయాక, ఆ మగ్గాన్ని మరిదికి వదిలేసి ఆమె ఈ కొలువులో చేరింది.

వానాకాలం వస్తే ఆమెకు గండమే. తడిసిన తుమ్మకట్టెలు ఓ పట్టాన అంటుకునేవి కావు. అంటుకున్నా పొగే తప్ప మంట ఉండదు. గొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడి, సాయంత్రానికి ఎదుటి మనిషి మసకగా కనబడేవాడు. దవాఖానలో కళ్లలో చుక్కలు వేసి, పొగకు దూరంగా ఉండమన్నారు. దూరంగా ఉంటే అన్నం ఎట్లా ఉడుకుతుందో ఎవరూ చెప్పలేదు.

హాస్టలు వెనక పాయఖానలు ఎత్తే పని మారయ్యది. పొద్దున్నే వచ్చి, నిండిన డబ్బాలను తట్టలోకి కుమ్మరించుకుని, నెత్తిన పెట్టుకుని కట్ట అవతలి గుంతల్లో పోసి వచ్చేవాడు. వాన పడితే తట్ట కారి మెడ మీదికి దిగేది. అతను వచ్చే వేళకు వెంకటనర్సమ్మ వంటింటి వెనక తలుపు మూసుకునేది. ఏళ్లుగా ఒకే ఆవరణలో పని చేస్తున్నా ఆమె అతనితో నోరారా మాట్లాడింది లేదు.

అరవై నాలుగు ఎండాకాలంలో ఒక కుర్ర ఓవర్సీరు వచ్చాడు. హాస్టలు వార్డెను బుచ్చయ్యను కూర్చోబెట్టి, కాగితం మీద గీసి చూపించి ఒప్పించాడు. పాయఖానల్లో డబ్బాలు తీసేసి తొట్లు కట్టి, వాటిలో పోసిన నీళ్లతో సహా అంతా పైపులో ఒక ఇటుకల బావిలోకి పోయేట్టు చేశాడు. బావి మీద ఇనుప డ్రమ్మును బోర్లించాడు. లోపల మురిగినకొద్దీ గ్యాసు పుట్టి డ్రమ్మును పైకి లేపుతుంది. ఆ గ్యాసు ఇంకో పైపులో వంటింటికి వస్తుంది. బావి నుంచి పొర్లే నీళ్లు కంకర తొట్టిలో, ఇసుక తొట్టిలో వడకట్టుకుని కూరగాయల మడికి పారతాయి.

బావి తవ్వింది మారయ్యే. అందులో మొదట నాలుగు బండ్ల పేడ కలిపి పోసిందీ అతనే. డ్రమ్మును చూసుకునే పని కూడా ఓవర్సీరు అతనికే అప్పగించి, ఇంకో తాలూకాకు బదిలీ అయి వెళ్లిపోయాడు.

గ్యాసు వచ్చిన రోజు వెంకటనర్సమ్మ అగ్గిపెట్టె పట్టుకుని చాలాసేపు నిలబడింది. పైపు ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకు తెలుసు.

"మారయ్యా, వాసనొస్తదా?" అని తలుపు దగ్గరి నుంచి అడిగింది.

"రాదమ్మా. మండినంక ఏ వాసన ఉండది. నేను ముక్కు వెట్టి చూసిన," అన్నాడు మారయ్య బయటి నుంచే.

ఆమె పుల్ల గీసింది. నీలంగా, చప్పుడు లేకుండా మంట లేచింది. పెద్ద గుండిగలో ఎసరు మరుగుతుంటే ఆమె పక్కన పీట వేసుకుని ఊరికే కూర్చుంది. ఊదే పని లేకుండా వంటింట్లో కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి.

ఆ ఏడు వానలు ముంచెత్తాయి. అయినా ఆమె కళ్లు నీరు కారలేదు. బియ్యంలో రాళ్లు మళ్లీ కనబడసాగాయి. రోజూ పొద్దున మారయ్య వచ్చి డ్రమ్ము ఎంత లేచిందో చెప్పేవాడు. ఆమె ఇప్పుడు తలుపు మూసుకోవడం లేదు. ఒకరోజు అతను అడగకుండానే చెప్పాడు.

"నా బిడ్డ ఇప్పుడు నా పక్కన కూసోని తింటాంది అమ్మా. ఇంతకుముందు నేను కూసుంటే లేసి పొయ్యేది. చిన్నపోరి, దానికేం తెలుసు. వాసన."

వెంకటనర్సమ్మ "మంచిగైంది," అంది.

దసరా ముందు మల్లప్ప వచ్చాడు. కురుమల పెద్ద, నలుగురిలో మాట చెల్లే మనిషి. అతని మనుమడు హాస్టల్లోనే ఉండేవాడు. మల్లప్ప పిల్లలతో పాటు కూర్చుని కడుపునిండా తిన్నాడు. మడిలో వంకాయలు చూసి ముచ్చటపడి రుమాలు నిండా కోసుకున్నాడు. పోతూ పోతూ వంటింట్లోకి తొంగి చూశాడు.

"కట్టెలు లేకుంటనే మండుతాందేంది చెల్లె? గీ పైపు యాడికెళ్లి వచ్చింది?"

"ఓవర్సీరు పెట్టిచ్చిండన్నా," అని ఆమె గంటె తిప్పుతూ ఉండిపోయింది.

మల్లప్ప పైపు వెంబడి నడిచాడు. డ్రమ్ము దాకా వెళ్లాడు. అక్కడి నుంచి ఇంకో పైపు పట్టుకుని పాయఖానల దాకా వెళ్లాడు. వెనక్కి వచ్చి గోడ దగ్గర గొంతులో వేలు పెట్టుకుని తిన్నదంతా కక్కాడు.

మర్నాటికి తండ్రులంతా దిగారు. కొందరు పిల్లల పెట్టెలు బయట పెట్టేశారు. పిల్లలు పోతే హాస్టలు మూతబడుతుంది. బుచ్చయ్య చెమటలు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"నర్సమ్మా, నీకు ఎర్క లేదని చెప్పు. పేడ గ్యాసని మారయ్య చెప్పిండు, నువ్వు నమ్మినవు. గంతే."

"వాడు గట్ల చెప్పలే సార్."

"చెప్పలేదని నాకు ఎర్కే. ఎవనో ఒకని మీద పోవాలె గదా. నువ్వన్నా పోవాలె, వాడన్నా పోవాలె. నువ్వు పోతే ఏడికి పోతవు?"

మరిది ఇల్లు ఆమె కళ్ల ముందు మెదిలింది. తోడికోడలు ఇల్లు దులుపుతూ, వినబడేట్టు గొణిగే మాటలు మెదిలాయి.

వాకిట్లో అందరి ముందు నిలబడి ఆమె చెప్పింది. "పేడ గ్యాసేనన్నడు. నాకు ఎర్క లేదు."

మారయ్య దూరంగా గోడ అవతల నిలబడి ఉన్నాడు. ఐలేశం అనే ఒక పిల్లాడి తండ్రి గొర్రెలు తోలే కట్టెతో అతని భుజం మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమెకు ముందే తెలుసని మారయ్య చెప్పొచ్చు. చెప్పలేదు. ఒక్కసారి ఆమె వంక చూసి, తర్వాత నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.

పైపును మారయ్య చేతనే కోయించారు. పాయఖానల తొట్లు పగలగొట్టించి, పాత డబ్బాలు మళ్లీ పెట్టించారు. వాటిని ఎత్తడానికి వేరే మనిషి లేక మారయ్యనే ఉంచారు. గుండిగలకు చింతపండు పెట్టి తోమి, పసుపునీళ్లు చల్లి, అన్నదానం చేశారు. కొన్నాళ్లకు సర్పంచి బండి కట్టించుకొచ్చి డ్రమ్మును తన కొట్టం దగ్గరికి తోలుకుపోయాడు. అతని ఇంట్లో పశువుల పేడతో గ్యాసు మండింది. పేడ కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. చూడటానికి మల్లప్ప కూడా వెళ్లాడు. మెచ్చుకున్నాడు. నీళ్లు లేక హాస్టలు మడి ఎండేదాకా అందులోని వంకాయలను మాత్రం ఎవరూ వద్దనలేదు.

మరుసటి వానాకాలం వచ్చింది. కట్టెలు తడిశాయి. పొగకు ఉండలేక వెంకటనర్సమ్మ ఒక పొద్దున వెనక తలుపు తీసుకుని బయటికి వచ్చింది. మారయ్య తట్టతో ఎదురుపడ్డాడు. ఆమె తోవకు అడ్డంగా నిలబడింది.

"మారయ్యా, నా కొలువు పోతదని భయపడ్డ. నీకు ఎర్కే గదా."

"ఎర్కే అమ్మా." అతను నెత్తి మీది తట్టను రెండు చేతులా సర్దుకున్నాడు. "మీ కొలువు నిలబడ్డది. నాది సుత నిలబడ్డది. జర జరుగుండ్రి, మీద వడ్తది."

ఆమె గోడకు ఒదిగి తోవ ఇచ్చింది. ఆ తర్వాత ఆమె అక్కడ వండిన ఏళ్లన్నిటిలో మారయ్య ఆమెతో మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు.