ప్లాట్‌ఫారం అంచు

పదకొండింటికి ఆవిరి రైలు బయల్దేరాలి. పదింపావుకే బావగారికి చెమటలు పట్టాయి.

ఆయన కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పళ్ళ పనికి వాడే పనిముట్లతోనే, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, జానెడు పొడవున్న ఆవిరి ఇంజనొకటి ఇత్తడితో చేసుకున్నాడు. రెండేళ్ళు పట్టింది. నడిచేది కరెంటుతోనే అయినా పొగ వదులుతుంది, కూత పెడుతుంది. దాన్ని నడపడానికి పట్టాలు మాత్రం బావమరిదివి.

క్లబ్బు హాలు నిండా బల్లలు వేసి బావమరిది పరిచిన బొమ్మ రైలుమార్గం అచ్చంగా ఈ కాలంది. పైన కరెంటు తీగలు, గాజు గోడల స్టేషను, గోరంత ఎస్కలేటర్లు. "ఇందులోకి బొగ్గింజనెలా వస్తుంది బావా?" అని ఏడాదిపాటు ససేమిరా అన్నాడు. చివరికి అక్కే కలగజేసుకుంది. "పాత ఇంజనుకి పెట్టెలు తగిలించి జనాన్ని షికారు తిప్పడం లేదురా ఇప్పుడు? ఇదీ అలాంటిదే అనుకో." అక్క మాట తీసెయ్యలేకపోయాడు. ఆమె సంబరంగా తన ఆస్పత్రి వార్డులోని తోటి నర్సులందర్నీ పిలిచింది.

బావమరిది కుర్చీల కోసం కిందికెళ్ళాడు. బావగారు ఇంజనును పట్టాల మీద పెట్టి చేత్తో మెల్లగా తోశాడు. స్టేషను చివర, ప్లాట్‌ఫారం వంపు తిరిగేచోట, కర్రుమంది.

ఆ ప్లాట్‌ఫారం పోయిన వారమే బావమరిది అతికించాడు. ఈ కాలపు సన్నటి రైళ్ళకు సరిపోయింది. ఆవిరి ఇంజనుకు రెండు పక్కలా సిలిండర్లు పొడుచుకొచ్చి ఉంటాయి. అవి అంచుకు రాసుకుంటున్నాయి. తేడా వెంట్రుకవాసి.

సిలిండరు అరగదీద్దామంటే రేకు పల్చన, చిల్లు పడుతుంది. బావమరిదితో చెబుదామంటే, ఆ ప్లాట్‌ఫారం అతని ఎనిమిది నెలల కష్టం. పలక పలకా విడిగా కోసి అతికించాడు, అంచున పసుప్పచ్చ గీత ఊపిరి బిగబట్టి గీశాడు. 'అయితే నీ రైలొద్దులే' అంటాడు. మెట్ల కింద ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. వార్డు వాళ్ళు వచ్చేసినట్టున్నారు.

బావగారు జేబులోంచి సన్నటి ఆకురాయి తీశాడు.

బెత్తెడు మేర అంచు గీకేశాడు. పొడి ఊదేశాడు. పచ్చగీత పోయినచోట నాలుగు బొమ్మ ప్రయాణికుల్ని వరసగా నిలబెట్టాడు. మెట్ల మీద అడుగుల చప్పుడయ్యేసరికి ఆకురాయి జేబులో పడింది.

పదకొండింటికి రైలు కూత పెట్టి కదిలింది. వంపు దగ్గరికొస్తుంటే బావగారు సిలిండర్ల మీదే చూపు నిలిపాడు. ఇంజను అంచును తాకీ తాకనట్టు దాటింది. చప్పట్లు మోగాయి. ఆయన ఊపిరి పీల్చుకునేలోపే ఒక నర్సమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ వంగింది.

"అయ్యో, వీళ్ళు మరీ అంచున నిలబడ్డారే! పడిపోరూ?"

బావమరిది నవ్వుతూ వచ్చి బొమ్మల్ని వెనక్కి జరిపాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఎవరు చేశారిది?"

"నేనే," అన్నాడు బావగారు. "ఇంజను రాసుకుంటోంది. నువ్వు కుర్చీలకెళ్ళినప్పుడు..."

"కిందే ఉన్నాగా బావా. పిలిస్తే పలికేవాణ్ణిగా."

"వద్దంటావని భయమేసింది."

"అనేవాణ్ణేమో. ఆ మాట నన్ను అననివ్వాల్సింది."

అంతే. రైలు చక్కర్లు కొడుతూనే ఉంది. బావమరిది తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పన్నెండింటికి రెండో విడత బావగారొక్కడే నడిపాడు; మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆయన తలెత్తలేదు.

రెండు వారాలు మాటల్లేవు. "మీ ఇద్దరి మధ్యా నేను తపాలా బంట్రోతునైపోయాను," అని అక్క విసుక్కుంది. బావగారు మూడుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని మూడుసార్లూ పెట్టేశాడు. రాత్రిళ్ళు సరిగా నిద్ర లేదు. ఒకావిడ పళ్ళ సెట్టు కూడా తప్పు కొలతకు చేసి, మళ్ళీ మొదట్నించీ చెయ్యాల్సొచ్చింది.

మూడో ఆదివారం ఫోన్ మోగింది.

"ఇంజను పట్టుకురా," అంది అవతలి గొంతు.

"ఎందుకురా?"

"వెడల్పు కొలవాలి. నువ్వు నోటితో చెబితే నమ్మను."

బావగారు ఇంజనును తువ్వాల్లో చుట్టుకుని పరుగులాంటి నడకతో క్లబ్బుకి వెళ్ళాడు. బల్ల మీద ప్లాట్‌ఫారం వంపు ముక్క ఊడదీసి ఉంది, పాత జిగురు గీకి ఉంది. బావమరిది చెయ్యి చాచాడు. ఇంజను తీసుకుని, రెండుసార్లు కొలిచి, కాగితం మీద రాసుకున్నాడు.

"లైటు ఇటు పట్టు," అన్నాడు.

బావగారు పట్టాడు.