రసెల్ గారి రాగి గొట్టం

రసెల్ తన రాగి గొట్టాన్ని మెర్ల్ షెడ్డులో నిలబెట్టిన తీరు చూస్తే, వాయిమాటేలో అంతకుముందు ఎవరూ సారా కాచి ఎరగరనిపించేది. న్యూజిలాండ్‌లో ఇంట్లో కాచుకోవడం తప్పేమీ కాదు, సగం ఊరికి బట్టీలున్నాయి. కాకపోతే సారా కాచేవాళ్ల క్లబ్బులో మూడుసార్లు బహుమతి కొట్టింది రసెల్ ఒక్కడే. ఆ సంగతి పొద్దుటి నుంచి నాలుగుసార్లు చెప్పాడు.

మెర్ల్‌కు కావలసింది ఒక్కటే. వాళ్ల నాన్న నాటిన ప్లమ్ చెట్టుకు తెగులు పట్టి, పోయిన వారమే కొట్టేశారు. దాని ఆఖరి కాపంతా ఆమె పులియబెట్టి ఉంచింది. ఆదివారం అక్క ఏవిస్‌కు డెబ్బై నిండుతాయి. ఆ రోజు అక్క గ్లాసులో ఆ చెట్టు వాసన ఉండాలి. తనకు బట్టీ లేదు గనుక ఈ పెద్దమనిషిని పిలుచుకుని నెత్తిన పెట్టుకుంది.

రసెల్ చీపురుకర్రతో గొట్టం నిండా సన్నని రాగి తీగతో అల్లిన జాలీ చుట్టలు కుక్కుతున్నాడు.

“అంత జాలీ ఎందుకు రసెల్? ఆవిరి పైకి పోవడం, కిందికి కారడం, మళ్లీ పోవడం, మళ్లీ కారడం. ఇంక పండు వాసన మిగులుతుందా?”

“మెర్లమ్మా, నువ్వెళ్లి జామ్ చేసుకో. ఇది నాకొదిలెయ్.”

“సరే, ఆవిరిని చల్లార్చే నీళ్లైనా చూసుకో. పక్కన డాల్‌జెల్ వాళ్లకీ నాకూ ఒకటే బోరు. నాలుగున్నరకి పాలు పితకడం అయ్యాక వాళ్లు కొట్టం కడుగుతారు. అప్పుడిక్కడ చుక్క రాదు.”

“పదకొండేళ్లుగా కాస్తున్నా. నీళ్ల సంగతి నాకు చెప్తావా?”

టౌనులో మునిసిపల్ కుళాయి దగ్గర పదకొండేళ్లు! ఆ అనుభవంతో పల్లె బోరును జయించడానికి వచ్చాడు.

మొదట దిగిన చెడ్డ సారా పారబోసి, తర్వాతి జాడీ నింపి, ఘాటు కొలిచి ఎగిరి గంతేశాడు.

“తొంభై నాలుగు శాతం! చూడు, వాసనేమైనా ఉందా?”

“లేదు.”

“అదీ మరి! వాసనంటే మురికే.”

మెర్ల్ జాడీలో ముక్కు పెట్టింది. సూది వేసేముందు నర్సు రాసే దూది వాసన. ముందు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

సరిగ్గా అప్పుడే చల్లార్చే నీళ్లు సన్నగిల్లి, పొగలు కక్కి, ఆగిపోయాయి. గొట్టం పైనుంచి సారా ఆవిరి షెడ్డులోకి కమ్ముతోంది. రసెల్ గారు కుళాయిని తిడుతూ నిలబడ్డారు. ఒక్క రవ్వ పడితే షెడ్డూ, రసెలూ, మూడు బహుమతులూ ఒకేసారి పోయేవి. మెర్ల్ బయటికి పరుగెత్తి, బట్టీని వేడెక్కించే కరెంటు మెయిన్ స్విచ్చి ఆపేసి, తలుపులు బార్లా తెరిచింది.

“దొంగ వెధవలు! నా నీళ్లు తిప్పేసుకున్నారు!” అంటూ రసెల్ డాల్‌జెల్ వాళ్ల మీదికి యుద్ధానికి వెళ్లాడు. వాళ్లు టీ, వెన్న రాసిన స్కోన్ రొట్టెలు పెట్టారు. మహావీరుడు గంటన్నర కూర్చున్నాడు.

ఈలోగా కొట్టం కడగడం అయింది, నీళ్లొచ్చాయి, బట్టీ చల్లారింది. మెర్ల్ గొట్టం విప్పి జాలీ చుట్టలన్నీ లాగి బకెట్లో పడేసింది. గొట్టం పైన ఆవిరిని వెనక్కి కార్చే పైపుకు నీళ్లు ఆపేసి, బయటికొచ్చే సారాను చల్లార్చే పైపుకు మాత్రమే వదిలింది. బట్టీలో మిగిలిన పులిసిన రసానికి ఉత్త గొట్టంతో మళ్లీ వేడి పెట్టింది. కాసేపటికి చుక్కలు పడుతుంటే షెడ్డంతా ప్లమ్ వాసన నిండింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

రసెల్ తిరిగొచ్చి ఘాటు కొలిచాడు. “అరవై ఆరా! నా బట్టీ పరువు తీశావు గదే!”

“తీస్తే తీశాను. ఆ తొంభై నాలుగు నువ్వే పట్టుకుపో. కిటికీ అద్దాలు తుడుచుకో.”

ఆదివారం మెర్ల్ దానికి నీళ్లు కలిపి అక్క గ్లాసులో పోసింది. ఏవిస్ ఒక గుక్క తాగి, గ్లాసును చాలాసేపు ముక్కు దగ్గరే ఉంచుకుంది.

“కొట్టేశారన్నావు కదే మెర్ల్,” అంది కళ్లు తుడుచుకుంటూ. “ఇది నాన్న చెట్టే.”

పిలవని పేరంటానికొచ్చిన రసెల్ గొంతు సవరించుకున్నాడు. “బట్టీ మనదే లెండి.”

అక్కచెల్లెళ్లిద్దరూ వినలేదు.