రొద ఆగినంక

మా ఆయన నన్ను కొట్టే ముందు టీవీ సౌండు పెంచుతడు.

ఒక్కోసారి ఆ పని మా అత్తమ్మ అనసూయమ్మ చేస్తది. కొడుకు గొంతు మారిందంటే చాలు, రిమోటు కోసం దిండు కింద తడుముతది. సీరియలైనా సరే, వార్తలైనా సరే, సౌండు గీతలు చివరిదాకా పోవాలె. తర్వాత తలుపు గడియ. తర్వాత నేను. మెట్టుగూడల మా బిల్డింగు గోడలు పలచనివి, పక్కింట్ల పోపు వేస్తే మాకు తుమ్ములొస్తయి. అందుకే అంత జాగ్రత్త. కింది పోర్షన్ల అనుపమ ఒకసారి నీళ్ల ట్యాంకరు కాడ నవ్వుకుంట అడిగింది, మీ ఇంట్ల అందరికి టీవీ పిచ్చా అని. వాచిన బుగ్గ మీదికి కొంగు లాక్కొని అవునన్న. నలుగురికి వినబడితే మన పరువేం గావాలె అంటడు మా ఆయన దయాకర్. ఆయన లెక్కల కొట్టుడు పరువు తక్కువ గాదు, వినబడుడు పరువు తక్కువ.

పోయిన ఎండాకాలం బాక్సుల చపాతీలు గట్టిపడ్డయని ఎడమ చెవి మీద కొట్టిండు. చెవిలనుంచి సన్నగ నెత్తురొచ్చింది. డాక్టరు కాడికి అత్తమ్మ తోడొచ్చింది. ఏమైందమ్మా అని డాక్టరు నన్నే అడిగిండు, జవాబు మాత్రం ఆమె అందుకుంది.

"పిన్నీసుతోని గెలుక్కున్నది సారూ. చెప్తే వినదు."

చెవి లోపలి పొరకు చిల్లు పడ్డదన్నడు డాక్టరు. నేను తల ఊపిన. అత్తమ్మ బిల్డింగుల సుత అదే కథ చెప్పింది. ఇప్పుడు మెట్ల మీద ఎదురైన ప్రతి మనిషీ పిన్నీసులతో జాగ్రత్తని నాకు బుద్ధి చెప్పేటోళ్లే.

ఆ దినం నుంచి ఎడమ చెవిల ఈల. సన్నగ, నిద్రల సుత ఆగని ఈల. నేను ప్రైవేటు స్కూల్ల తెలుగు చెప్త. ఎడమ దిక్కు బెంచీల పిల్లలు టీచర్ అని పిలిస్తే వినబడదు. మేడమ్‌గారు ఆలోచనలన్ని ఇంటి కాడ పెట్టి రావాలె అని ప్రిన్సిపాల్ స్టాఫందరి ముందు అంటే, అందరు నవ్విన్రు, నేను సుత నవ్విన. బట్టలుతుక్కుంట, గిన్నెలు తోముకుంట ఫోన్ల పాటలు వినేదాన్ని, ఆ ఒక్కటి నాకు మిగిలింది అనుకునేదాన్ని. ఈల షురూ అయినంక అదీ పోయింది. ఎంత తియ్యటి పాట పెట్టినా దాని మీద బ్లేడుతో గీరినట్టుండేది. తియ్యగ పాడేటోళ్లందరు నాకు అబద్ధం చెప్తున్నట్టే అనిపించేది. బంద్ చేసిన.

ఒక ఆదివారం పగటిపూట మిరపకాయలు ఎండబెట్ట డాబా మీదికి పోయిన. అక్కడ రేకుల గదిల షాలేమ్, వాని పెండ్లాం జెరూషా కిరాయికుంటరు. షాలేమ్ పెండ్లి బ్యాండుల శాక్సాఫోన్ వాయిస్తడు. ఆ దినం మాత్రం లోపల పెండ్లి పాట గాదు. ఖలీల్ అనేటాయన డ్రమ్ముల మీద, హరికిషన్ కరెంటు గిటారు మీద ఉన్నరు. మా ఊళ్లె బోరుబండి బండరాయి మీద పడ్డప్పుడు అరికాళ్లలకెల్లి పండ్లదాక అదిరేది, గిటారు గట్లుంది. డ్రమ్ములేమో ఒక్క రోట్లె ముగ్గురు ఆడోళ్లు కారం దంచుతున్నట్టు, ఇగో రోకళ్లు తాకుతయి, ఇగో ఎవరిదో తల పగులుతది అనిపిస్తయి, తాకవు. వాటి నడుమ శాక్సాఫోన్. అది పాట గాదు. పిసికిన గొంతుల సందు దొరికించుకొని బయటపడ్డ అరుపు. అది పైకి, ఇంకా పైకి పోయి, నా చెవిలున్న ఈల కాడ ఆగింది. ఇన్ని నెలలు నాకొక్కదానికే వినబడ్డ చప్పుడు మందిల వినబడుతుంది. మిరపకాయల మీదనే కూలబడ్డ. ఆ రోట్లె మా ఆయన తల కనబడ్డది, రోకలి నా చేతులనే ఉంది. కండ్లు మూసుకొని దంచిన. తెల్లటి పండ్లు, నల్లటి మీసం, నెత్తురు. ఒళ్లంత చెమట. భయం మాత్రం కాలేదు.

జెరూషా బయటికొచ్చి నన్ను చూసింది. "భయపడకక్కా, లోపల ఎవర్నీ చంపుతలేరు."

నాకేమో చంపుతుంటే బాగుండనిపించింది.

ఇదేం సంగీతమని అడిగితే షాలేమ్ సిగ్గుపడ్డడు. రాక్‌ల ఉన్న రొద, జాజ్‌ల ఉన్న మొండితనం, రెండు ఒకే తొట్లె వేసి తొక్కుతున్నమన్నడు. దీన్ని ఊరేగింపుల వాయిస్తే పెండ్లికొడుకు గుర్రం దిగి ఉరుకుతడన్నడు. ఎక్కడెక్కడి దేశాలోళ్లో వాయించినవి నా ఫోనుకు పంపిండు. అప్పటినుంచి అంట్లు తోమేటప్పుడు కుడి చెవిల అవి పెట్టుకుంట. ఎడమ చెవి తన వాటా తాను వాయిస్తది. ఆదివారాలు మాత్రం ఏదో ఒకటి ఎండబెట్టే నెపంతోని పైకే పోత.

వాళ్ల వాయింపుల ఒక జాగ ఉంది. రొద ఇగ భరించలేం అనేదాక పోయినంక షాలేమ్ చెయ్యెత్తుతడు. ముగ్గురు ఒక్కసారే ఆపుతరు. చప్పుడంత కోసేసినట్టు పోతది. అప్పుడు శాక్సాఫోన్ ఒక్కటే కేక పెడ్తది. ఎందుకు ఆపుతరని షాలేమ్‌ను అడిగిన.

"అంత రొదల నా కేక ఎవరికి వినబడతదక్కా? ముందుగాల రొద ఆపాలె."

మొన్న సాయంత్రం నేను పైకి పోతున్న సంగతి దయాకర్‌కు తెలిసింది. బ్యాండోళ్ల గదిల నీకేం పనే అన్నడు. గొంతు మారింది. అత్తమ్మ చెయ్యి దిండు కిందికి పోయింది. క్రికెట్ వస్తుంది, స్టేడియం మొత్తం మా ఇంట్ల అరుస్తున్నట్టు సౌండు లేచింది. ఆయన పోయి గడియ పెట్టిండు. వేరే రోజులైతే ఈపాటికి ఎడమ చెవి మూసుకొని గోడకు ఒదిగేదాన్ని. ఆ రోజు టీవీ దిక్కు నడిచి ప్లగ్గు పీకిన.

ఎంత నిశ్శబ్దం. పక్కింట్ల కుక్కరు ఈల వినబడ్డది. పైన జెరూషా చెంబు కింద పెట్టిన సప్పుడు సుత వినబడ్డది.

"పెట్టు," అన్నడు దయాకర్. గుసగుసగ. పెండ్లయినప్పటి సంది ఆయన నా ముందు గొంతు తగ్గించుడు అదే మొదలు. అత్తమ్మ ఉరికి కిటికీ మూసింది. నేను పెట్టనన్న. ఆయన జుట్టు పట్టి గోడకు గుద్దిండు, చెంప మీద కొట్టిండు. ఆ దెబ్బ సప్పుడు నేను సుత ముందెన్నడు వినలేదు. తడిబట్టను బండకేసి కొట్టినట్టుంది. గిట్లనా ఉండేది అనుకున్న. పెదవి చీలి నోట్లెకు ఉప్పగ నెత్తురొచ్చింది. అప్పుడు కేక పెట్టిన. కాపాడమని గాదు, అమ్మా అని గాదు. మాట లేని కేక, కడుపుల అడుగునుంచి, నా ఈల ఉన్న ఎత్తుదాక. ఆయన నోరు మూయబోతే చెయ్యి కొరికిన. తోలు తెగేదాక కొరికి మళ్ల కేక పెట్టిన.

తలుపులు తెరుచుకుంటున్న సప్పుడు. మెట్ల మీద కాళ్లు. ఎవరో మా తలుపు బాదుతున్నరు. చెయ్యి పట్టుకొని మూలుగుతున్న ఆయనను దాటి పోయి గడియ తీసిన. జెరూషా, ఆమె వెనుక షాలేమ్, కింద మెట్టు మీద అనుపమ.

అత్తమ్మ నాకంటే ముందు గడప కాడికొచ్చింది. నవ్వింది సుత. "ఏం లేదు బిడ్డా. టీవీ సప్పుడు."

జెరూషా టీవీ దిక్కు చూసింది. నల్లగ ఉంది. నేను కింద వేలాడుతున్న ప్లగ్గు అందుకొని, అందరికి కనబడేటట్టు చెయ్యెత్తిన.

"నా చెవి పోయింది పిన్నీసుతోని గాదు," అన్న.