పెద్ద మాత్ర

స్ట్రెచరు చక్రాలు లిఫ్టు గుమ్మం సందులో ఇరుక్కోకుండా పాదం అడ్డుపెట్టి, లిఫ్టమ్మ దాన్ని లోపలికి లాగింది. ఆసుపత్రిలో లిఫ్టు నడిపే ఆమె అందరికీ లిఫ్టమ్మే. ఎక్కినవాళ్ళ ముఖం చూసి ఏ అంతస్తో తనే చెప్పేస్తుంది. కొత్తగా తండ్రి అయినవాణ్ణి మాత్రం కాసేపు ఆటపట్టించి గానీ దింపదు.

ఆ ఉదయం ఆమె పాదం వాచి చెప్పులో పట్టలేదు. మూడో అంతస్తులో నర్సుగా చేసే కోడలు లిఫ్టు ఎక్కుతూనే చూసింది. వంగి, అత్త చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. గుంట అలాగే నిలిచిపోయింది.

“మాత్రలు వేసుకోవట్లేదా అత్తయ్యా?”

చిన్నది రోజూ వేసుకుంటున్నానని, పెద్దది సెలవునాడేనని లిఫ్టమ్మ గొణిగింది. పెద్దది వేసుకుంటే గంట తిరక్కుండా బాత్రూముకి పరుగెత్తాలి. తను అటు వెళ్ళినప్పుడే కింద ఎవరి ప్రాణమో లిఫ్టు కోసం ఆగిపోతే? రెండూ ఒంట్లో నీరు తీసే మాత్రలే కదా అనుకుంది.

కోడలు నెమ్మదిగా చెప్పింది. మూత్రపిండాల్లో సన్నని గొట్టాలుంటాయట. రక్తంలోంచి వడకట్టిన నీరు వాటిలో పోతూ, ఉప్పు వెంట చాలావరకు మళ్ళీ ఒంట్లోకి వచ్చేస్తుందట. గొట్టం వంపు తిరిగేచోట పెద్ద మాత్ర బోలెడు ఉప్పును వెనక్కి రానివ్వదు. అందుకే అంత పరుగు. ఇదివరకు బీపీకి వేసుకున్న మాత్ర ఆ వంపు దాటాక, కాస్త నిదానంగా పనిచేస్తుంది. చిన్నది చిట్టచివర, మిగిలిన కొంచెం ఉప్పు దగ్గర. ఒంట్లో పొటాషియం పోకుండా కూడా చూస్తుంది.

“దేని పని దానిదే. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే చిన్నదొక్కటే ఏం చేస్తుంది? అందుకే పడుకుంటే ఆయాసం వచ్చి, కూర్చుని నిద్రపోతున్నారు.”

“చెప్తే బెంగపెట్టుకుంటావని.”

“ఇప్పుడు సంతోషంగా ఉన్నానా?”

డాక్టరు చూసి, గుండె బాగా అలిసిపోయింది, వార్డులో చేరమన్నాడు. డ్యూటీ దిగాక చేరతానని లిఫ్టమ్మ బతిమాలింది. పెద్ద మాత్ర మాత్రం అక్కడే వేసుకుంది. ఆమె లేచి వెళ్ళినప్పుడల్లా కోడలు వచ్చి మీటల దగ్గర కూర్చుంది.

“మీ అత్తగారినే పిలువమ్మా, మమ్మల్ని తీసుకెళ్ళి వంటశాలలో దింపావు,” అన్నాడొక ముసలాయన.

మధ్యాహ్నానికి లిఫ్టమ్మ ఆయాసం తగ్గింది. చాలా రోజుల తర్వాత మాట మధ్యలో ఆగకుండా మాట్లాడింది.

సాయంత్రం వార్డుకి తీసుకెళ్దామని కోడలు వచ్చేసరికి, లిఫ్టు తలుపులు తెరిచే ఉన్నాయి. లిఫ్టమ్మ స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించి ఉంది. నిద్రపోతోందనుకుని, లేపడానికి మనసొప్పక, కోడలు కాసేపు పక్కనే నిలబడింది. తర్వాత చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

స్టూలు కింద మంచినీళ్ళ సీసా ఉంది. లేవాల్సి వస్తుందని రోజూ మూత తీయకుండా, నిండుగానే ఇంటికి తెచ్చేది. ఇవాళ అందులో నీళ్ళు సగమే ఉన్నాయి.