ఆడి నెలలో ఆకుపచ్చ గీత

వీడ్కోలంటే పచ్చయమ్మకు గుండెదడ. పాలవాడైనా సరే, ఆమె గడప దిగేటప్పుడు "పోయొస్తా" అనాల్సిందే. వాడు సందు మలుపు తిరిగేదాకా ఆమె వాకిట్లోంచి కదలదు. అలాంటి మనిషి ఆ రోజు మనవరాలి ఫోను మాటలు విని, ఒలుస్తున్న చిక్కుడుకాయలు ఒళ్ళోంచి జారవిడిచింది.

మనవరాలు సుజిత ఉద్యోగం తమిళనాడులోని గుడియాత్తంలో, ఇంట్లోనే. వేలూరు, గుడియాత్తం, నాట్రంపల్లి టైలర్ల కోసం ఒక కంపెనీ మెసేజీలు నడుపుతుంది. "నా రవిక అయిందా?" అని ఆడవాళ్ళు ఫోనులో అడుగుతారు. మూడు ఊళ్ళలోని మూడు కంప్యూటరు మిషన్లు వాటిని పంచుకుని జవాబులు పంపుతాయి. వచ్చినవాటికి తెర మీద ఆకుపచ్చ గీత, జవాబు పోయినవాటికి ఎర్రగీత. రెండూ జంటగా నడుస్తున్నాయా లేదా అని కనిపెట్టి చూడడమే సుజిత పని.

"ఆడి నెల కదా సార్, పెండ్లిండ్లు యాడ ఉండాయి? అందుకే గీత పడిపోయినాది" అంది సుజిత ఫోనులో.

"ఈ వారం కూడా ఇట్లే ఉంటే గుడియాత్తం పని మూసేస్తామమ్మా. నిన్ను చెన్నైకి మార్చేస్తా" అన్నాడు వేలూరు ఆఫీసులోని గిరిప్రసాద్.

సుజిత మొహం వేలాడేసుకుని లేచింది. "అవ్వా, తల పోసుకోనొస్తా. గీత నేలకు తగిలితే పిలువు."

సుజిత తలస్నానమంటే అరగంట. పచ్చయమ్మ ఎదురింటి తంగమ్మకు ఫోను చేసింది.

"ఓసే తంగమ్మా, ఆ టైలరు నంబరుకు రవిక అయిందా అని అడుగు."

"నేను రవికే ఇయ్యలేదే అక్కా!"

"ఇచ్చినోళ్ళే అడగాలని రూలుండాదా? సుబ్బమ్మకూ చెప్పు. పరదరామిలో మీ వదినకూ చెప్పు."

వాళ్ళ మగ్గాల వీధంతా అడిగింది. సుబ్బమ్మ తన పెండ్లినాడు బిగుతైన రవిక సంగతి అడిగింది. పచ్చయమ్మా తన ఫోనులో అదే మళ్ళీ మళ్ళీ అడిగింది, బొటనవేలు ఆగలేదు. ఆకుపచ్చ గీత పాలపొంగులా లేచింది. ఎర్రగీత మాత్రం దాన్ని అందుకోలేక వెనకబడింది.

తలకు తువ్వాలుతో వచ్చిన సుజిత కెవ్వుమంది. "ఎనిమిదొందలు ఆగిపోయినాయి!"

ఫోను మోగింది. గిరిప్రసాద్. "ఎవరమ్మా ఈ పచ్చయమ్మ? ఒక్క రవికకు నూటపన్నెండు సార్లు అడిగినాది!"

పచ్చయమ్మ ఫోను లాక్కుంది. "నేనే నాయనా. బిడ్డను పంపించొద్దు. కావాలంటే రేపు ఇంకా ఎక్కువ అడిగిస్తా."

"వద్దు తల్లీ, వద్దు!"

ఈలోపు సుజితకు గుట్టు దొరికింది. నాట్రంపల్లి మిషను పదిహేను రోజులుగా పడకేసింది. వచ్చేవే తక్కువ కాబట్టి దాని వాటాలో ఆగిపోయినవి ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు ఈ తాకిడికి బయటపడింది.

ఫోను అందుకుని సంగతి చెప్పింది. "సార్, వచ్చే నెల ఆవణి పెండ్లి ముహూర్తాల్లో ఇట్ల అయ్యుంటే?"

"టైలర్లు నన్ను కత్తెరలతో తరిమేవాళ్ళు" అన్నాడు గిరిప్రసాద్. "నువ్వు ఆడనే ఉండు. గీతను చూడు, మీ అవ్వనూ చూడు. ఇంక ఫోను పెట్టేస్తా."

"అట్లనగూడదు నాయనా" అని పచ్చయమ్మ అడ్డుపడింది. " మళ్ళా చేస్తానని చెప్పు."

"మళ్ళా చేస్తా తల్లీ."

సుజిత నాట్రంపల్లి మిషన్ను లేపింది. మరుక్షణం పచ్చయమ్మ ఫోను టింగుటింగుమంటూ వరసగా మోగింది. సుజిత చదివి వినిపించింది: "మీ రవిక ఇంకా కాలేదు. మళ్ళీ రండి."

"ఎంత మర్యాద చూడే! పొమ్మనలేదు" అని పచ్చయమ్మ మురిసిపోయింది. "ఇంకోటి చదువు."

"అన్నీ అదేనవ్వా."

"అయినా చదువు."