ఆయన చెవులు

"మళ్ళీ మొదలెట్టావా పాటలు?" అన్నారు అత్తగారు గుమ్మంలోంచే.

ఆమె హెడ్‌ఫోన్లు తీయలేదు. తీస్తే, రెండు ఆంప్లిఫయర్ల మధ్య అరగంట కష్టపడి పట్టుకున్న తేడా జారిపోతుంది. కానీ అవి వెనక తెరిచి ఉండే రకం. బయటి మాటలు సంగీతంలోంచి నడుచుకుంటూ లోపలికి వచ్చేస్తాయి. "అంట్లు అక్కడే పడున్నాయి. వాడేమో చెవులు అరిగేలా పని చేసుకుంటుంటే, ఈవిడ మహారాణిలా పాటలు వింటుంది." పక్క గదిలో పేపరు చదువుతున్న భర్తకూ ఆ మాట వినిపించింది. అతను పేజీ తిప్పాడు.

బల్లమీద పెట్టుకునే డాక్‌లనూ ఆంప్లిఫయర్లనూ పరీక్షించి పత్రికలో రాయడం అతని వ్యాసంగం. కంప్యూటర్లోని అంకెలను శబ్దంగా మార్చేది డాక్. ఆ శబ్దానికి హెడ్‌ఫోన్లను నడిపేంత బలమిచ్చేది ఆంప్లిఫయర్. అరచేతిలో ఇమిడే ఆ పెట్టెల గురించి అతను పేజీలకు పేజీలు రాస్తాడు. ఆ రాతలంటే చెవి కోసుకునేవాళ్ళు వేలమంది. నాలుగేళ్ళ కిందట చెవుల డాక్టరు గీసి ఇచ్చిన కాగితంలో మాత్రం, అతని వినికిడి గీత సగం దూరం తిన్నగా వెళ్ళి, అక్కడ మెట్ల మీంచి కాలు జారినట్టు కింద పడింది. "మాటలకు ఇబ్బంది లేదు. సన్నటి పై శబ్దాలే ఇక తెలియవు," అన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చే దారిలో అతనన్నది ఒక్కటే: "ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి." పెళ్ళయిన పదిహేనేళ్ళలో 'మన ఇద్దరి' అన్న మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదటిసారి. ఆ మాటకే పడిపోయింది.

అప్పటినుంచి వినేది ఆమె, రాసేది అతను. వంటా, బట్టలూ, అత్తగారి మందులూ అయ్యాక మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చునేది. ముందు మీటరుతో కొలిచి రెండు పెట్టెల శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చేది. ఇసుమంత గట్టిగా మోగేదాన్నే చెవి మేలైనదని పొరబడుతుందని ఆమెకు అనుభవం మీద తెలిసింది. అతనికి అంత ఓపిక ఎన్నడూ లేదు. "పైన, పళ్ళెం మీద గోరు గీసినట్టుందండీ," అని ఆమె చెబితే, పత్రికలో 'ఎగువ స్థాయుల్లో కించిత్ కర్కశత్వం' అని అచ్చయ్యేది. సొమ్మొకరిది, సోకొకరిది. "పోనీ అత్తయ్యగారికైనా చెప్పండి, నేను ఖాళీగా కూర్చోవడం లేదని," అని ఒకసారి అడిగింది. "అమ్మకి చెబితే ఊరంతా చెప్పినట్టే. అయినా నువ్వు చేసేదేముంది? ఊరికే వింటావు. దాన్ని మాటల్లో పెట్టేది నేను కదా!"

ఆ ఆదివారం ఉదయం, ఆంప్లిఫయర్లు తయారుచేసే ఒక కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చాడు. కొత్త పెట్టెల ధ్వనిని తీర్చిదిద్దే సలహాదారుగా ఆమె భర్తను పెట్టుకోవాలని వాళ్ళ ఉద్దేశం. దానికి ముందు చిన్న పరీక్ష: రెండు పెట్టెలు విని ఏది మేలో చెప్పాలి. గుడ్డ కప్పిన రెండు పెట్టెలు బల్లమీదికి వచ్చాయి. ఒక్కోదానికి రెండేసి హెడ్‌ఫోన్లు తగిలించే వీలుంది.

"రెండో జత మా ఆవిడకివ్వండి," అన్నాడు భర్త నవ్వుతూ. "పాపం, ఆవిడకూ సరదా. కుక్కర్ కూత తప్ప వేరే సంగీతం ఎరగదు లెండి."

ఇంజనీరు నవ్వాడు. పొద్దున వంటింట్లో అనుకున్న ఏర్పాటు అదే: మొదటిది మేలైతే ఆమె టీకప్పు ఎడమకు జరపాలి, రెండోదైతే కుడికి. ఆమె కళ్ళు మూసుకుని వింది. రెండూ ఒకటే. తయారీలో రవ్వంత తేడా లేదు. రెండోదానికి శబ్దం కాస్త పెంచారు, అంతే. దానికి ఏ గుర్తూ అనుకోలేదు. కప్పు కదల్లేదు.

అతను ఎదురుచూసి, ఎదురుచూసి, ఇక తెగించాడు. "సందేహం లేదు, రెండోదే. గాయని ఊపిరి కూడా తెలుస్తోంది."

ఇంజనీరు కలం ఆగింది. అతని మొహంలో మర్యాదతో కూడిన జాలి కనబడగానే, నాలుగేళ్ళ అలవాటు ఆమె చేత మాట్లాడించింది. "రెండూ ఒకటేనండీ. రెండోదాన్ని కొంచెం గట్టిగా పెట్టారు."

"అదే మెలిక! ఎలా పట్టారు మేడమ్?"

ఆమె నోరు తెరిచేలోగా భర్త చెయ్యి భుజం మీద పడింది. "పొద్దున్నే చెప్పానండీ ఆవిడకి, ఇలాంటిదేదో పెడతారు చూడు అని. మిమ్మల్ని ఆటపట్టిద్దామని నేనలా అన్నాను. చిలక్కి నేర్పినట్టు నేర్పా, ఎలా పలికిందో చూశారా?"

"మీరు అదృష్టవంతులు మేడమ్," అని ఆమెతో అని, ఇంజనీరు అతనితో చేయి కలిపాడు. "వాడి పక్కన కూర్చుంటే రాయి కూడా నేర్చుకుంటుంది," అన్నారు గుమ్మంలోంచి చూస్తున్న అత్తగారు.

కారు మలుపు తిరిగాక అతను తలుపు వేశాడు. "నోరెందుకు విప్పావు? నేను కాబట్టి సర్దుకొచ్చా. ఇంకెప్పుడూ మనుషుల ముందు వినకు."

మాట్లాడకు అనలేదు. వినకు అన్నాడు. అంట్లు తోముతున్నంతసేపూ ఆమె ఆ మాటను తిప్పి తిప్పి చూసింది. చెవులు ఆమె మొహానికే ఉన్నా, వాటి మీద అధికారం అతనిదేనన్నమాట.

వారం తిరక్కుండా కంపెనీ తొలి పెట్టె వచ్చింది. సలహాదారు సరేనని రాసిచ్చిన మర్నాడే వేల పెట్టెలు తయారవుతాయి. ఆమె కూర్చుని వింది. పాట ఆగిన చోటల్లా, పైన సన్నగా, దోమ ఒకటి చెవి దగ్గర నిలబడి కదలనట్టు, విడవని రొద. పదిహేనేళ్ళ పిల్ల ఎవరైనా మొదటి నిమిషంలోనే పట్టేస్తుంది.

"ఊఁ, ఎలా ఉంది?" అన్నాడు అతను, చేతిలో కాగితంతో.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా బల్లమీద పెట్టింది.

"ఎక్కడా ఇంత రొద కూడా లేదండీ. బావి అడుగున ఉన్నంత నిశ్శబ్దం."

ఆ పోలిక అతనికి నచ్చింది. 'అగాధ నిశ్శబ్దం' అని రాసుకుని, గదిలో పచార్లు చేస్తూ పేజీన్నర చెప్పాడు. ఆమె టైపు చేసింది. రెండు అచ్చుతప్పులు దిద్దింది. చివర అతని పేరు పెద్ద అక్షరాల్లో పెట్టి, పంపించేసింది.